కంటికి పోతే గుండె అన్నారు

జూన్ 9, సోమవారం

డాక్టరమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. లేకపోతే అరవై ఎనిమిదేళ్ల వయసులో డైరీ రాసే సరదా నాకేం లేదు. ఒక గళ్ల కార్డు చేతికిచ్చింది. నిలువు గీతలు, అడ్డ గీతలు, మధ్యలో నల్ల చుక్క. రోజూ పొద్దున్నే ఒక కన్ను మూసుకుని రెండో కంటితో ఆ చుక్కను చూడాలట. తర్వాత ఆ కన్ను మూసుకుని ఈ కంటితో. గీతలు తిన్నగా ఉన్నాయో, వంకరపోయాయో తేదీ వేసి రాసుకోవాలట. వంకర కనబడిన రోజున ఏ పనున్నా వదిలేసి తన దగ్గరికి రావాలట.

కార్డును బీరువా తలుపుకు అంటించాను. సన్నగా రాస్తే నాకే కనబడదని, దుకాణంలో గంగాళాల మీద ధరలు రాసే లావు పెన్నుతో రాస్తున్నాను. పేజీలు తొందరగా అయిపోతున్నాయి. కానీలే.

జబ్బు వయసుతో వచ్చేదేనట. కంటి వెనక పొరలో, సరిగ్గా నడిమధ్యలో చెత్త పేరుకుంటుందట. శుక్లమైతే కోసి తీసేసేవాళ్లు. ఇది శుక్లం కాదు. అద్దాలు మార్చినా లాభం లేదు. అంతవరకు బాగానే ఉంది, విన్నాను. ఆ తర్వాత మొదలుపెట్టింది. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, ఎడమ చెయ్యి గుంజుతుందా, బీపీ ఉందా, ఇంట్లో ఎవరైనా గుండెపోటుతో పోయారా అని. కంటి డాక్టరుకు నా మెట్లతో ఏం పని? అడిగితే కంప్యూటరులో నా కంటి ఫొటో చూపించింది.

"ఈ మచ్చలు చూడండి. ఈ రకం మచ్చలున్న వాళ్లలో కొంతమందికి గుండె రక్తనాళాలు కూడా సన్నబడి ఉంటున్నాయి. అందరికీ కాదు. మీకు ఉందని నేను అనడం లేదు. కానీ గుండె డాక్టరుకు ఒకసారి చూపించుకోండి. ఆలస్యం మాత్రం చెయ్యకండి" అంది.

కంటికి పోతే గుండె అన్నారు. రేపు పంటికి పోతే మోకాలు అంటారు.

బయట బల్ల మీద దుర్గయ్య అనే ఆయన పరిచయమయ్యాడు. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి హోల్‌సేల్ దుకాణమట. ఇద్దరికీ కళ్లలో చుక్కలు వేసి ఉన్నారు, లోకమంతా పొగ. నా తర్వాత ఆయన లోపలికి పోయి వచ్చి, నా పక్కనే కూలబడి, "ఏం సేఠ్, మీకు గూడ గుండె అన్నదా?" అని అడిగాడు. అన్నది అన్నాను.

"కంటికొస్తె గుండె జూపిచ్చుకోమనుడేంది భాయ్! ఇదంత కమీషన్ లొల్లి. ఈమె ఈడికెల్లి పంపుతది, ఆడ ఇంకొకడు కోస్తడు."

నేనూ అదే అనుకున్నాను. అయినా పోనీలే అని, "ముందు మీరు పోయి రాండ్రి. మీకేం గాకపోతె నేను గూడ పోత" అన్నాను.

"అరె, గట్లెట్ల? మీరు నాకన్న పెద్దోళ్లు. ముందుగాల మీరే, పహలే ఆప్" అని నవాబులాగా వంగి చెయ్యి చూపించాడు.

"నై నై, పహలే ఆప్" అన్నాను నేను. ఇద్దరం ఎంత నవ్వామంటే నర్సు వచ్చి గదమాయించింది. ఫోన్ నంబర్లు తీసుకుని ఎవరి ఆటో వాళ్లం ఎక్కాం.

ఇంటికొచ్చాక నా భార్య లక్ష్మీకాంతం అడిగింది. "ఏమన్నరు?"

"వయసు అన్నరు."

"గంతేనా?"

"గంతే."

జూన్ 10

కుడి కన్ను: తిన్నగా. ఎడమ కన్ను: తిన్నగా.

జూన్ 11

రెండూ తిన్నగానే. ఈ లెక్కన డాక్టరమ్మకు నాతో పని పడదు.

జూన్ 14, శనివారం

ఇవాళ దుకాణంలో పేర్ల పనే సరిపోయింది. పెళ్లివాళ్లు బిందెలు, పళ్లేలు, కాగులు తీసుకుని అన్నిటి మీదా పెళ్లికూతురి పేరు రాయించుకున్నారు. పేర్లు చెక్కే చేతి మిషన్ పట్టుకుని కూర్చుంటే మోచేతి దాకా జుమ్మంటుంది. మా అబ్బాయి అభిషేక్ మళ్లీ పాత పాట ఎత్తుకున్నాడు. "బాపు, పక్క దుకాణమోళ్లు లేజర్ మిషన్ తెచ్చిండ్రు. టైప్ చేస్తె సాలు, పేరు పడుతది. మీరింక ఎందుకు కష్టపడుడు?"

నేను ఉన్నన్నాళ్లూ ఈ దుకాణంలో పేర్లు చేత్తోనే పడతాయని చెప్పాను. పేరు రాశాక కింద ఒక గీత గీస్తాను. స్కేలు పెట్టను, పెన్సిలు గుర్తు పెట్టను. ఒక్క లాగులో లాగుతాను. బేగంబజారులో ఆ గీత చూసి ఇది కైలాసం సేఠ్ దుకాణం సామాను అని గుర్తుపట్టేవాళ్లున్నారు. లేజరుకు అది వస్తుందా? అదొక పెట్టె.

కోడలు పూజిత పక్కనే కూర్చుని చూస్తోంది. ఆ పిల్లకు ఈ పని మీద ఇష్టముంది. అక్షరం గుండ్రంగా వస్తుంది కానీ గీతకు చెయ్యి ఇంకా తిరగలేదు.

జూన్ 18, బుధవారం

పై గోదాములోంచి ఇత్తడి చెంబులు దింపడానికి నేనే పోయాను. సగం మెట్లెక్కి ఆగాల్సి వచ్చింది. ఆ మెట్లు మా తాత కట్టించినవి, ఒక్కొక్కటి మోకాలెత్తు ఉంటుంది. ఎవరికైనా ఆయాసం వస్తుంది. కింద నుంచి పూజిత "మామయ్యా, ఏమైంది?" అని అరిచింది.

"చెంబులు లెక్కవెడుతున్న" అన్నాను.

ఛాతీ మధ్యలో కాసేపు బరువుగా ఉండి తగ్గింది. పొద్దున మిర్చి బజ్జీలు తిన్నాను కదా. గ్యాస్.

గీతలు తిన్నగానే ఉన్నాయి.

జూన్ 22, ఆదివారం

దుర్గయ్య ఫోన్ చేసి, అఫ్జల్‌గంజ్ దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ తాగుదాం రమ్మన్నాడు. మొహాలు గుర్తుపట్టలేం కాబట్టి ఎర్ర తువ్వాలు వేసుకుని కూర్చుంటానన్నాడు. నేను పోయి ఒక ఎర్ర తువ్వాలు ఎదురుగా కూర్చుని, బాగోగులన్నీ అడిగాక తెలిసింది ఆయన దుర్గయ్య కాదని. అసలాయన వెనక బల్ల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

"మీ మొహం నడిమిట్ల మరక వడ్డట్టున్నది సేఠ్. చెవులైతె మంచిగ కనవడుతున్నయి" అన్నాడు.

"మీ చెవులు గూడ మస్తున్నయి" అన్నాను.

ఆయన భార్య సత్తెమ్మకు అంతా చెప్పేశాడట, కన్నూ గుండే రెండూ. మీ ఇంట్లో చెప్పలేదా అని అడిగాడు. ఆమెకెందుకు లేనిపోని ఫికర్ అన్నాను. అయితే గుండె డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోతారని మళ్లీ అడిగాడు. అప్పుడు మా అన్న సోమయ్య సంగతి చెప్పాను. ఎవరికీ చెప్పేవాణ్ని కాదు, ఎందుకో ఆయనకు చెప్పాను. అన్న తన కాళ్ల మీద తను నడుచుకుంటూ ఆసుపత్రికి పోయాడు. గుండె నాళాలు పరీక్ష చేస్తామని బల్ల మీద పడుకోబెట్టారు. మళ్లీ లేవలేదు.

దుర్గయ్య చాయ్ కప్పు కింద పెట్టాడు. "అయితె మీకు భయం."

"భయమేం లేదు."

"నాకైతె ఉన్నది భాయ్. ఉట్టిగ ఎందుకు చెప్పాలె. రాత్రి పండుకుంటె భయమైతది. మీరొక్కసారి పోయి మంచిగ వస్తె నాకు జర ధైర్యమొస్తది."

సరే చూద్దాం అన్నాను.

తిరిగి నడుస్తుంటే దారిలో ఒక లాంతర్ల దుకాణం ముందు ఆయన ఆగాడు. ఆయన ఆగాడు కాబట్టి నేనూ ఆగాను. ఇద్దరం ఆ లాంతర్లను చాలాసేపు చూశాం. కొనేది లేదు, పెట్టేది లేదు.

మనిషి మంచివాడు.

జూలై 3, గురువారం

కుడి కంటితో చూస్తే మధ్య గీతలు కొంచెం లోపలికి గుంజినట్టున్నాయి. వానాకాలం. తేమకు కాగితం ఉబ్బుతుంది.

జూలై 4

కార్డు తీసి ఇస్త్రీ చేసి మళ్లీ అంటించాను. తిన్నగా ఉన్నాయి.

ఎడమ కంటితో.

జూలై 9, బుధవారం

ఒకావిడ టిఫిన్ డబ్బా తిరిగి పట్టుకొచ్చింది. "గీతేంది సేఠ్ గిట్ల పాము వాకినట్టున్నది? మా వియ్యపురాలు నవ్వింది" అంది. డబ్బా కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాను. దారం పట్టి గీసినట్టుంది. మీరే కళ్లు చూపించుకోండమ్మా అన్నాను. ఆవిడ గొంతు లేచింది, నా గొంతూ లేచింది. పూజిత మధ్యలో వచ్చి "నేను జూస్త అక్కా, మీరు జర కూసోండ్రి" అని డబ్బా లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి తెచ్చిస్తే ఆవిడ మాట్లాడకుండా పోయింది.

ఈ మధ్య స్టీలు రేకు బాగా రావడం లేదు. మిషన్ కింద జారుతోంది.

జూలై 11

ఆషాఢం. ఇవాళ బోణీ కూడా కాలేదు. మెట్లు ఎక్కలేదు, అవసరం పడలేదు.

జూలై 13, ఆదివారం

దుర్గయ్య ఫోన్. "ఏమైంది సేఠ్, పోయొచ్చిండ్రా?" అని. ప్రతిసారీ అదే ప్రశ్న. విసుగొచ్చి, రేపు సోమవారం పోతున్నానని చెప్పాను. డాక్టరు టైమ్ కూడా ఇచ్చాడన్నాను.

"శాబాష్! అయితె మంగళవారం మీకు ఫోన్ జేస్త. మీరు మంచిగున్నదంటె నేను బుధవారమే పోత. మా సత్తెమ్మ రోజు పాణం తింటున్నది" అన్నాడు. గొంతులో ఎంత సంతోషమో.

నిజంగానే పోదామనుకున్నాను.

జూలై 14

పోలేదు. వాన.

జూలై 15

ఫోన్ మోగింది. మళ్లీ మోగింది. ఎత్తలేదు. దుకాణంలో రద్దీగా ఉంది.

జూలై 20, ఆదివారం

బోనాలు. పొద్దుటి నుంచి డప్పులు. లక్ష్మీకాంతం బోనం ఎత్తుకుంది, ఏటా నేను గుడిదాకా వెంట నడుస్తాను. ఈసారి మోకాళ్లు నొప్పులన్నాను. "మోకాళ్లా?" అంది. నెత్తి మీద బోనముంది కాబట్టి ఇంకేం అడగలేదు. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను. పసుపు చీరలన్నీ ఒకటిగా కలిసిపోయాయి, అందులో నా భార్య ఎవరో పోల్చుకోలేకపోయాను. ఏడుపొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను.

సాయంత్రం దుర్గయ్యకు నేనే ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. కోపమొచ్చినట్టుంది. రెండు రోజులు పోతే తనే చేస్తాడు.

జూలై 25, శుక్రవారం

శ్రావణం వచ్చింది. మధ్యాహ్నం దుకాణానికి ఒకతను వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు.

"నాయిన దినాలకు గిన్నెలు గావాలె సేఠ్. అందరికి పంచుతం. పేరు రాసియ్యాలె."

చావులకు గిన్నెలు పంచడం మాకు కొత్త కాదు. పెళ్లిళ్లకు ఎన్ని పేర్లు రాస్తామో దినాలకూ అన్ని రాస్తాం. లోతు గిన్నె చూపించాను, ఖాయం చేసుకున్నాడు. ఏం పేరు రాయాలె బిడ్డా అన్నాను.

"కీర్తిశేషులు దుర్గయ్య గారి జ్ఞాపకార్థం."

ఈ ఊళ్లో దుర్గయ్యలు ఎంతమంది లేరు. మీ నాయిన ఏం చేసేవాడని అడిగాను. అడగకుండా ఉండాల్సింది, అడిగాను.

"ఉస్మాన్‌గంజ్‌ల మిర్చి దుకాణం. నన్ను మీ తానికే పొమ్మన్నది మా అమ్మ. నాయిన మీ పేరు మస్తు చెప్పేటోడట."

ఎప్పుడు పోయాడన్నాను.

"శనివారం. దుకాణంల బస్తాల మీద కూసొని చాయ్ తాగుతుండె. గట్లనే పక్కకు ఒరిగిండు. దవాఖానకు కొంచవొయ్యే వరకే అయిపోయింది. గుండె అన్నరు సేఠ్. మాకెవలికి ఏం ఎర్క లేదు."

పిల్లవాడికి తెలియదు. వాళ్లమ్మకు తెలుసు. నాకు తెలుసు.

అతని పేరు శ్రవణ్‌కుమార్. సోమవారం సాయంత్రానికి సిద్ధం చేస్తానని చెప్పాను. మంగళవారం దినాలు. గిన్నెలు నేనే తెస్తానన్నాను.

జూలై 26, శనివారం

దుర్గయ్య పేరు ఇంకెవరూ రాయడానికి వీల్లేదని అభిషేక్‌కు చెప్పి కూర్చున్నాను. అక్షరాలు ఎలా పడ్డాయో దేవుడికే తెలియాలి. ప్రతి పేరు కిందా గీత లాగాను. నా కంటికి ప్రతి గీతా తిన్నగా ఉంది. మధ్యాహ్నం అన్నం తినేసి అలవాటు ప్రకారం వెనక గదిలో నడుం వాల్చాను. నిద్ర పట్టలేదు. పాలిష్ చక్రం తిరుగుతున్న చప్పుడు వినబడింది.

లేచి పోయి చూశాను. పూజిత నా గిన్నెలను చక్రం మీద పెట్టి గీతలు రుద్దేస్తోంది. రుద్దినదాని మీద మిషన్‌తో మళ్లీ రాస్తోంది. అప్పటికే సగం గిన్నెలు పూర్తయి వరసగా పెట్టి ఉన్నాయి. నన్ను చూసి చక్రం ఆపేసింది.

ఒక గిన్నె తీసుకుని గోటితో గీత మీద తడిమాను. పేరు మొదటి అక్షరం దగ్గర బాగానే పోయింది. మధ్యకు వచ్చేసరికి గోరు పైకి పోయింది, కిందికి పోయింది, మళ్లీ పైకి. కన్ను చేసిన మోసం వేలికి దొరికిపోయింది. నా కంటికి తిన్నని గీత వంకరగా కనబడుతోంది కాబట్టి, నేను దాన్ని సరిచేస్తున్నాననుకుని వంకర గీస్తున్నాను.

"ఎన్ని రోజుల సంది?" అని అడిగాను.

"రెండు వారాలు దాటింది మామయ్యా."

"అభిషేక్‌కు ఎర్కనా?"

"ఆయనకెర్కనే. అత్తమ్మకు గూడ ఎర్కనే."

నాకు ఒళ్లు మండిపోయింది. దుకాణమంతా వినబడేటట్టు అరిచాను. ఇంటిల్లిపాదీ కలిసి నన్ను పిచ్చివాణ్ని చేస్తారా, నా చేతి కింద నా పనే చెరిపేస్తారా, ఒక్కరికైనా నోరు తెరిచి చెప్పాలని తోచలేదా అన్నాను. ఆ పిల్ల తల వంచుకుని అంతా విన్నది. నేను ఊపిరి కోసం ఆగినప్పుడు మెల్లగా అంది.

"మీరు చెప్పిండ్రా మామయ్యా? కండ్లు గిట్లైనయని మీరు మాకు చెప్పిండ్రా?"

గిన్నె అక్కడ పెట్టేశాను. మిగతా గిన్నెల మీద దుర్గయ్య పేరు నువ్వే రాయి అన్నాను.

జూలై 30, బుధవారం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

గిన్నెలు ఆటోలో వేసుకుని ఉస్మాన్‌గంజ్ పోయాను. ఇల్లు దుకాణం పైనే. పైకి పోయే మెట్ల మీద రెండుసార్లు ఆగాను. శ్రవణ్‌కుమార్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. భోజనాలు నడుస్తున్నాయి. నన్ను లోపలికి తీసుకుపోయి సత్తెమ్మ ముందు కూర్చోబెట్టారు. ఆమె మొహం నాకు సరిగ్గా కనబడలేదు, గొంతు వింటే మాత్రం గట్టి మనిషి అనిపించింది.

"మీరేనా అన్నా కైలాసం సేఠ్? మీ గురించి రోజు చెప్పేటోడు. ఆ ఇరానీ హోటల్ల మీరు వేరెవల్నో పట్టుకొని మాట్లాడిన ముచ్చట చెప్పి చెప్పి నవ్వేటోడు."

తల ఊపాను.

"డాక్టర్ తానికి పో అని నేను రోజు మొత్తుకున్న. 'కైలాసం సేఠ్ సోమవారం పోతున్నడు, ఆయన మంచిగ వస్తె బుధవారం నేను పోత, ఫికర్ జెయ్యకు' అన్నడు. మంగళవారం మీకు ఫోన్ జేసిండు. పనిల ఉన్నడేమో అన్నడు. బుధవారం పోలేదు. సేఠ్ ఫోన్ రానియ్యి అన్నడు." ఆమె ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీకు పరీక్షలల్ల ఏమొచ్చిందన్నా? అంత మంచిగనే ఉన్నదా?"

బాగుందని చెబితే, పోతే ఆయనకూ బాగుండేదని ఏడుస్తుంది. బాగాలేదని చెబితే ఇంకో అబద్ధం.

"నేను పోలేదు చెల్లె" అన్నాను.

"పోలేదా?"

"పోలేదు. పోతున్న అని ఉట్టిగనే చెప్పిన."

పక్కన వడ్డిస్తున్నవాళ్లు కూడా ఆగిపోయారు. సత్తెమ్మ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఆయన మీ కోసం జూసిండు. మీరు ఆయన కోసం జూసిండ్రు. ఇద్దరు ముసలోళ్లు ఆట లెక్క పెట్టుకున్నరు. ఇగ నేనెవలి కోసం జూడాలన్నా?"

చేతులు జోడించాను. అన్నం తినకుండా పోవద్దని ఆమే అంది. తిన్నాను. ఎలా మింగానో.

ఆటోలో ఇంటికి వస్తుంటే ఛాతీలో బరువు మొదలైంది, మాదన్నపేట మార్కెట్ దాటేదాకా తగ్గలేదు. గ్యాస్ కాదు. గ్యాస్ ఎప్పుడూ కాదు. లక్ష్మీకాంతం కూరగాయలు తరుగుతోంది. ఆమె ఎదురుగా కింద కూర్చుని అంతా చెప్పాను. డాక్టరమ్మ అన్నది, మెట్లు, ఛాతీ, దుర్గయ్య, సత్తెమ్మ. సోమయ్య అన్న బల్ల మీద పోయాడు కాబట్టి నేను ఆ బల్ల ఎక్కనని కూడా చెప్పాను. భయమేస్తోంది లక్ష్మీ అన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఆమెతో అనలేదు.

ఆమె కత్తిపీట పక్కకు జరిపింది. "బావ రెండేండ్లు ఛాతి పట్టుకొని తిరిగిండు. అక్క నాకు చెప్పుకొని ఏడ్సేది. ఎవలు చెప్పినా ఇనలే. ఆయన బల్ల ఎక్కినందుకు పోలేదు. ఎక్కాల్సిన్నాడు ఎక్కనందుకు పోయిండు. మీకది ఎన్నడన్న సమజైందా?"

కాలేదు. ఇన్నేళ్లూ నేను ఆ బల్లనే తిట్టుకున్నాను.

"లేవుండ్రి" అంది. చీర కూడా మార్చుకోలేదు. అభిషేక్‌కు ఫోన్ చేసి బండి తెమ్మంది. మేం ఆసుపత్రికి పోయేసరికి గుండె డాక్టరు లేడు, శుక్రవారానికి టైమ్ ఇచ్చి పంపారు.

ఆగస్టు 1, శుక్రవారం

ఈసీజీ, ఎకో, రక్త పరీక్షలు. డాక్టరు కుర్రవాడు, మా అభిషేక్ కన్నా చిన్న. ఎవరు పంపారని అడిగాడు. కంటి డాక్టరు అన్నాను. ఎప్పుడు పంపారన్నాడు. జూన్‌లో అన్నాను. కాగితాల మీదనుంచి తల ఎత్తి లక్ష్మీకాంతం వైపు చూశాడట, ఆమె చెప్పింది. మంగళవారం నాళాల పరీక్ష, అడ్డం ఉంటే అప్పుడే స్టెంట్ అని చెప్పాడు.

అటునుంచి అటే కంటి డాక్టరమ్మ దగ్గరికి. కుడి కన్ను వెనక నీరు కారిందట, గీతలు వంగిన రోజే రావాల్సిందట. కంట్లో ఇంజెక్షన్ ఇవ్వాలి, కానీ గుండె డాక్టరు సరేనన్నాకే ఇస్తానంది. ఆ గీతలు ఎప్పుడు వంగాయని అడిగితే జూలై మూడున అని చెప్పాను. తేదీ ఇందులో రాసి ఉంది కదా. కాగితం ఉబ్బిందని రాసుకున్న సంగతి ఆమెకు చెప్పలేదు.

ఆగస్టు 4

రేపు. అన్నం సహించలేదు. అభిషేక్ వచ్చి నా మంచం మీద కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక లేజర్ మిషన్ రేటు చెప్పాడు. కొనమన్నాను. పూజిత చేత్తో రాసేవి మాత్రం రాయనివ్వమన్నాను.

ఆగస్టు 8, శుక్రవారం

ఇంటికి తెచ్చారు. రెండు స్టెంట్లు వేశారు. ఒక నాళం దాదాపు మూసుకుపోయిందట. ఇంకొన్ని రోజులు మెట్ల మీదే తిరిగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పాడు. మళ్లీ రాయను.

బల్ల మీద పడుకోబెట్టినప్పుడు అన్న గుర్తొచ్చాడు. మొదటిసారి ఆయన మీద కోపమొచ్చింది.

ఆగస్టు 12, మంగళవారం

ఇద్దరు డాక్టర్లూ ఫోన్‌లో మాట్లాడుకుని నిన్న కంట్లో ఇంజెక్షన్ ఇచ్చారు. పోయిన చూపు అంతా తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలబెట్టడానికి చూద్దాం అంది డాక్టరమ్మ. నెలనెలా పోవాలి. పోతాను.

ఎవరినీ కలవొద్దు, ఫోన్లు కూడా ఎక్కువ మాట్లాడొద్దని ఇంట్లో కట్టడి. అయినా ఇవాళ సత్తెమ్మకు ఫోన్ చేశాను. ఆమె ఆ రోజు ఒక మాట అడిగింది, దానికి నేను జవాబు బాకీ ఉన్నాను.

"చెల్లె, నేను కైలాసాన్ని. పరీక్షలల్ల ఏమొచ్చిందని అడిగినవు గద. ఒక నాళం మూసుకపోవుడు ఒక్కటే తక్కువ. రెండు స్టెంట్లు ఏసిండ్రు. ఇంటికొచ్చిన."

అటువైపు దుకాణం చప్పుడు వినబడింది. బస్తాలు దించుతున్నట్టున్నారు. ఎవరో ఆమెను పిలిచారు, ఆగమంది. ఆమె దుకాణంలో కూర్చుంటోందన్నమాట.

"మంచిగైందన్నా" అంది. తర్వాత, "ఆయన గూడ పోయుంటె బతికేటోడా?" అని అడిగింది.

డాక్టర్లయితే చెప్పలేమంటారు. నేనూ చెప్పలేను. ఆయన గుండెలో ఏముందో ఎవరు చూశారు?

"తెల్వదు చెల్లె" అన్నాను. "నేనైతె బతికిన."

ఏడ్చింది. మిర్చి ఘాటుకు తుమ్ములు, దగ్గులు, హమాలీల అరుపులు, వాటి మధ్యలో ఆమె ఏడుపు. ఏడుపు ఆగాక, "శ్రవణ్‌ను గూడ జూపియ్యాల్నా?" అని అడిగింది. చూపించు, ఈ వారమే చూపించు అన్నాను. ఎక్కడికి పోవాలో, ఏ డాక్టరో చెప్పాను. వాడు వినడని, తండ్రి లెక్కనే మొండి అని అంది.

"వానికి ఫోనియ్యి, నేను మాట్లాడుత" అన్నాను.

మాట్లాడాను. వాళ్ల నాన్నా నేనూ ఏం చేశామో మొత్తం చెప్పాను, ఏదీ దాచకుండా. వాడు గురువారం పోతానన్నాడు. గురువారం నేనూ ఆసుపత్రికి వచ్చి నీ పక్కన కూర్చుంటానన్నాను. మళ్లీ ఫోన్ సత్తెమ్మ తీసుకుంది.

"తిన్నవా అన్నా?"

"ఇంక లేదు చెల్లె. తింట."

"తిను" అంది. ఆమె పెట్టేదాకా నేను ఫోన్ పెట్టలేదు.